అల్లుడి కంటికి ఒక్కతే మనిషి

"మీ రోబోకి లోకం ఎర్రగా కనిపిస్తుందా, ఆకుపచ్చగానా?"

ఆమె నాతో అన్న మొదటి మాట అది. నమస్కారం లేదు, కూర్చోవచ్చా అని అడగడం లేదు. బయట వాన. ఆమె వేసుకున్న పసుపు రెయిన్‌కోటు అంచు నుంచి నీళ్లు సరిగ్గా నా కీబోర్డు మీదే కారుతున్నాయి, ఇంకెక్కడా చోటు దొరకనట్టు.

"ముందు మీరు ఒక అడుగు వెనక్కి వేస్తే నా కీబోర్డు బతుకుతుందండీ," అన్నాను.

"సారీ సారీ." అడుగు వెనక్కి వేసింది. "ఎరుపా, ఆకుపచ్చా?"

"రెండూ కాదు. మామూలుగానే."

"మామూలుగా అంటే మా డైరెక్టర్ నన్ను గుమ్మం దాకా సాగనంపుతాడు. కాస్త ఆలోచించి చెప్పండి."

ఆమెది పక్క వీధిలోని గ్రాఫిక్స్ స్టూడియో. అక్కడ ఒక సినిమా తయారవుతోంది. అందులో హీరో రోబో. ఆ రోబో కళ్లలోంచి లోకం ఎలా ఉంటుందో చూపించే తొమ్మిది షాట్లు ఆమె వంతు. నాలుగుసార్లు చేసి చూపించింది. నాలుగుసార్లూ డైరెక్టర్ "ఫీల్ లేదమ్మా" అన్నాడట. నిజం రోబో ఎలా చూస్తుందో తెలిస్తే ఆ ఫీల్ ఏదో దొరుకుతుందని మా బాస్ దగ్గర పర్మిషన్ తెచ్చుకుంది.

"చేసినవి చూపించండి," అన్నాను.

ట్యాబ్ తీసింది. తెరంతా ఎరుపు. మధ్యలో గిర్రున తిరిగే చక్రం. ఎడమ పక్క అంకెలు కుక్క తరుముతున్నట్టు పరిగెడుతున్నాయి. కుడి పక్క ఒక మనిషి మొహం చుట్టూ గీతలు. కింద పెద్ద అక్షరాలు: 'మనిషి. ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. ప్రమాదం తక్కువ.'

"ఈ అక్షరాలు ఎవరికోసం?"

"రోబో చదువుకోవడానికి."

"తన కంట్లో తనే రాసుకుని, మళ్లీ తనే చదువుకుంటుందా? పొద్దున మీరు చెప్పులు వేసుకునేటప్పుడు మీ కళ్లముందు 'ఎడమ చెప్పు, ప్రమాదం తక్కువ' అని పడుతుందా?"

ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో పావు వంతు కోపం. మిగతా ముప్పావు ఏమిటో అప్పుడు నాకు తెలియలేదు.

"మీకు స్నేహితులు తక్కువ కదూ?" అంది.

నా పని గురించి చెప్పాలి. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లలో నేనే మొదటివాణ్ణి, కాబట్టి నేను ఏదో గొప్ప పని చేస్తున్నానని ఇంట్లో అందరి నమ్మకం. నేను చేసేది, ఫొటోల మీద డబ్బాలు గీయడం. రోబో నెత్తిన ఉన్న కెమెరా ఫొటోలు తీస్తుంది. అందులో మనిషి ఉంటే మనిషి చుట్టూ ఒక డబ్బా గీసి 'మనిషి' అని రాయాలి. మూట ఉంటే 'మూట'. స్తంభం ఉంటే 'స్తంభం'. రోజుకి వెయ్యి ఫొటోలు. మెషీన్‌కి పుట్టుకతో ఏమీ తెలియదు. ఇలా వేలసార్లు చూపిస్తేనే 'ఇది మనిషి, ఆగాలి. ఇది మూట, నెట్టుకుంటూ పోవచ్చు' అని నేర్చుకుంటుంది.

ఇదంతా జరిగేది ఒక పెద్ద లాండ్రీలో. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల దుప్పట్లు లారీల్లో వస్తాయి. పదమూడు వాషింగ్ మెషీన్లు, ఆరు డ్రయర్లు, వాటి అవతల ఇస్త్రీ హాలు. ఆవిరి, సబ్బు వాసన, చెవులు చిల్లులు పడే హోరు. అక్కడ గుసగుస కూడా అరిచే చెప్పాలి. ఉతికిన మూటల్ని ఒక చోట నుంచి ఇంకో చోటికి లాక్కెళ్లే బండిని మా కంపెనీ తయారుచేసింది. బండికి కెమెరా ఉంది, బుర్ర ఉంది. పేరు మాత్రం లాండ్రీ ఆడవాళ్లే పెట్టారు: అల్లుడు.

"వచ్చి ఆర్నెల్లయింది," అని సూపర్‌వైజర్ అక్క లెక్క చెప్పేది. "పని చెయ్యడు, దారికి అడ్డం నిలబడతాడు, వేళకి ఛార్జింగ్ పెట్టాలి, ఓ మాటంటే అలిగి ఆగిపోతాడు. మరింకేం పేరు పెడతాం?"

మా నాన్న అదే లాండ్రీలో ఇస్త్రీ మాస్టరు. ముప్పై ఏళ్ల సర్వీసు. నన్ను చదివించింది ఆ ఆవిరే. "మావాడు రోబోకి పాఠాలు చెబుతాడు" అని హాలంతా చాటింపు వేశాడు. డబ్బాలు గీస్తున్నానని చెప్పే ధైర్యం నాకు లేదు.

నాకిది మొదటి ఉద్యోగం, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. లాండ్రీ ఓనరమ్మ ముందు డెమో సరిగ్గా జరిగితే ఆవిడ బండ్లు కొంటుంది, నా ఉద్యోగం పర్మనెంట్ అవుతుంది. జరగకపోతే మా బాస్ నలుగురికి జీతాలు ఇచ్చే స్థితిలో లేడు, ముగ్గురికే ఇస్తాడు. ఆ నాలుగోవాణ్ణి నేనే.

పసుపు రెయిన్‌కోటు అమ్మాయి రెండో రోజు కూడా వచ్చింది. మూడో రోజు ఆమె రాకముందే నేను అద్దం ముందు అయిదు నిమిషాలు ఎక్కువ నిలబడ్డాను. నాలుగో రోజు నాలో నేనే ఒట్టు పెట్టుకున్నాను: ఉద్యోగం పర్మనెంట్ అయిన రోజు ఆమెకి చెప్పెయ్యాలి. అంతవరకు నోరు విప్పకూడదు. కాళ్లూనుకోవడానికి చోటు లేనివాడు ప్రేమ మాట ఎత్తకూడదని నా సిద్ధాంతం. ఈ సిద్ధాంతం నాకెవరూ చెప్పలేదు. నేనే కష్టపడి కనిపెట్టుకున్నాను.

ఆమె మూడు వారాలు వచ్చింది. సినిమా అమ్మాయి అని లాండ్రీలో పేరు పడిపోయింది. నన్ను మాత్రం ఆమె 'డబ్బాల మేష్టారూ' అనేది.

"డబ్బాల మేష్టారూ, సినిమా రోబోకి కోపం వస్తే కళ్లు ఎర్రబడతాయి. ప్రేమ పుడితే నీలంగా మారతాయి. మరి మీ అల్లుడికి?"

"బ్యాటరీ తగ్గితే నారింజ లైటు వెలుగుతుంది."

"అబ్బ, ఎంత రొమాంటిక్!"

ఇంకో రోజు తల పట్టుకుని వచ్చింది.

"మా డైరెక్టర్ కొత్తగా ఏమన్నాడో చెప్పనా? రోబో హీరోయిన్‌ని చూడగానే అంకెలన్నీ ఆగిపోవాలట. తెర గులాబీ రంగులోకి మారాలట. మధ్యలో 'ప్రేమ: తొంభై ఎనిమిది శాతం' అని పడాలట."

"మిగతా రెండు శాతం?"

"రెండో భాగం కోసం దాచాడు."

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆమె మొహంలో మాత్రం నవ్వు లేదు.

"నిజంగా అడుగుతున్నా. సినిమాల్లో రోబో చూపంటే ఎప్పుడూ ఎవరినో వెతకడం, గురిపెట్టడం. దానికి చూడటం అంటే వేటాడటమే. ఇంకోలా ఎలా చూపించాలి?"

"సినిమా రోబో పుట్టుకతోనే అన్నీ తెలిసినట్టు చూస్తుంది. అసలు రోబోకి చూపు లేదండీ. పక్కన కూర్చుని ఎవరో ఒకరు చూపించాలి."

"అంటే దీనికి మీరు చూపించారు. అది మీ కళ్లతో చూస్తోందన్నమాట."

"అలాంటిదే."

"పాపం," అంది అల్లుడి నెత్తి నిమురుతూ.

ఒక సంగతి అందరూ గమనించారు. ఆమె కనబడితే చాలు, అల్లుడు పది అడుగుల దూరంలోనే ఆగిపోయేవాడు. డ్రయర్ వెనక నుంచి ఆమె రెండు వేళ్లు కనిపించినా ఆగేవాడు. మూట నేల మీద పడేసి మరీ ఆగేవాడు. మిగతావాళ్లు దాన్ని చూసి ఎప్పుడూ తామే పక్కకి తప్పుకునేవాళ్లు.

"చూశారా, నాకు మర్యాద ఇస్తున్నాడు," అనేది ఆమె. "నేర్చుకోండి."

నేను సంతోషించానే గాని, ఎందుకలా అని ఆలోచించలేదు. ప్రేమలో పడ్డవాడికి డిగ్రీ ఏం పనికొస్తుంది?

డెమో రోజు వాన వెలిసింది. ఓనరమ్మ ఉతికి ఆరేసినట్టున్న తెల్ల చీరలో వచ్చింది. పెద్ద వయసు, చిన్న ఆకారం, ఆమె దగ్గితే హాలంతా నిటారుగా నిలబడుతుంది. మా బాస్ ఒక పెద్ద మానిటర్ పెట్టించాడు, అల్లుడు చూసేదంతా అందరికీ కనిపించేలా. ఎవరి చుట్టూ ఏ డబ్బా పడుతోందో, దాని మీద ఏ పేరు పడుతోందో తెరమీద తెలుస్తుంది. సినిమా అమ్మాయి ఒక పక్కన ట్యాబ్‌తో నిలబడింది. బయట వాన లేకపోయినా రెయిన్‌కోటు టోపీతో సహా వేసుకునే ఉంది, లోపల డ్రయర్ల ఆవిరి జుట్టు పాడుచేస్తుందని.

"మొదలుపెట్టు," అన్నాడు బాస్ నాతో.

అల్లుడు కదిలాడు. నాన్న భుజం మీద తడి దుప్పట్ల మూటతో ఎదురొచ్చాడు. అది డెమోలో భాగం. అల్లుడు నాన్నని చూసి ఆగాలి.

మానిటర్ మీద నాన్న చుట్టూ డబ్బా పడింది. దాని మీద: 'మూట.'

అల్లుడు ఆగలేదు.

చిన్న బండే కాబట్టి సరిపోయింది. మోకాలి కింద తగిలింది, నాన్న వెనక్కి తూలి ఉతికిన దుప్పట్ల కుప్ప మీద మెత్తగా కూలబడ్డాడు. సూపర్‌వైజర్ అక్క "అయ్యో అన్నయ్యా" అంటూ పరిగెత్తింది. ఆవిడ చుట్టూ డబ్బా: 'మూట.' అల్లుడు ఆవిణ్ణి కూడా నెట్టాడు. ఆవిడ నాన్న పక్కనే కూర్చుండిపోయింది.

"ఏమిటిది?" అంటూ ఓనరమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

'చిన్న మూట.'

నేను రిమోట్ కోసం తడుముకుంటుంటే బాస్ అల్లుడి వెనక పరిగెడుతున్నాడు, అల్లుడు ఓనరమ్మ వెనక పడుతున్నాడు. అప్పుడు సినిమా అమ్మాయి ఆవిణ్ణి పక్కకి లాగుతూ మధ్యలోకి వచ్చింది.

'మనిషి. తొంభై తొమ్మిది శాతం.'

అల్లుడు కీచుమని ఆగిపోయాడు. తర్వాత ఎవరెంత నెట్టినా కదల్లేదు.

ఓనరమ్మ మానిటర్ వైపు చూసింది, ఆ అమ్మాయి వైపు చూసింది, దుప్పట్లలో కూర్చున్న మా నాన్న వైపు చూసింది.

"ఇంతమందిలో మనిషి ఈ పిల్ల ఒక్కతేనా? మేమంతా మూటలమా?"

అప్పటికే నాకు విషయం అర్థమైంది.

"తప్పు దానిది కాదమ్మా. నాది," అన్నాను. "దానికి పాఠం చెప్పింది నేను. ఎవరి వేలు కనిపించినా 'మనిషి' అని రాయాలని మాకు రూలు. ఆ అమ్మాయి విషయంలో రూలు ఒక్కసారి కూడా తప్పకుండా పాటించాను. వేలు కనిపించినా గీశాను, కోటు అంచు కనిపించినా గీశాను. మిగతా ఫొటోలు తొందర తొందరగా… మూట మోస్తున్నవాళ్లని, మూట పక్కన నిలబడ్డవాళ్లని మూటలతో కలిపి ఒకే డబ్బాలో పెట్టేశాను."

"ఎందుకంత తొందర?" అన్నాడు బాస్.

"ఆమె ఉన్న ఫొటో ఎప్పుడొస్తుందా అని."

ఒట్టు పెట్టుకున్న మాట అలా నలభై మంది ముందు నోట్లోంచి జారిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. సూపర్‌వైజర్ అక్క దుప్పట్లలోంచి లేచి దుమ్ము దులుపుకుంది.

"ఏదమ్మా, ఆ కోటు ఒకసారి ఇటివ్వు," అంది. తీసుకుని తొడుక్కుంది, బొత్తాలు పడలేదు. అల్లుడి ముందుకెళ్లి నిలబడింది.

'మనిషి. తొంభై ఏడు శాతం.'

"చూశారా, నేనూ మనిషినయ్యాను!" హాలంతా పగలబడి నవ్వింది.

ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. కోటు తిరిగి తీసుకుని, నా దగ్గరికొచ్చి, హోరులో నాకు వినబడేంత దగ్గరగా నిలబడి అంది:

"నన్ను చూశారని కోపం లేదు. అసలు చూడనే లేదని కోపం. మీ నాన్నని మూట అన్నారు, నన్ను రెయిన్‌కోటు అన్నారు. మా డైరెక్టర్ రోబోనే నయం, కనీసం ఎత్తు కొలుస్తుంది."

వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

ఓనరమ్మ పది రోజులు గడువిచ్చింది. "మా వాళ్లంతా మనుషులేనని దానికి చెప్పి తీసుకురండి. లేకపోతే బండీ, పంతులూ ఇద్దరూ ఇంటికి," అంది. బాస్ నన్ను తిట్టలేదు. ఇరవై వేల ఫొటోలు, రాత్రింబవళ్లు కూర్చుని, మళ్లీ మొదటి నుంచి గీయమన్నాడు. తిట్టినా బాగుండేది.

మొదటి రోజు సాయంత్రం షిఫ్టు దిగి నాన్న నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మోకాలికి కట్టు.

"నొప్పిగా ఉందా నాన్నా?"

"దుప్పట్ల మీద పడ్డాను. ముప్పై ఏళ్లలో ఆ దుప్పట్ల మీద ఒరగడం అదే మొదటిసారి. మెత్తగా ఉన్నాయిరా, హోటలువాళ్లు ఊరికే డబ్బులు తీసుకోవట్లేదు."

"నాన్నా, నిన్ను మూట అని…"

"దూరం నుంచి చూస్తే నాకే అలా ఉంటుంది. వదిలెయ్." కాసేపు తెర వైపు చూశాడు. "ఇదేనా నువ్వు చెప్పే పాఠం? డబ్బాలు గీయడం?"

"ఇదే."

"మరి ఇన్నాళ్లూ చెప్పవేం? నేను ఇంకేదో కష్టమైన పని అనుకుని బెంగపడ్డాను."

అప్పటినుంచి రోజూ వచ్చేవాడు. నేను గీస్తుంటే చెప్పేవాడు. "ఆగరా, ఆ మూట వెనకాల దుప్పట్లు మడతపెట్టే పెద్దమ్మ ఉంది. చెయ్యి చూడు, మసాలా డబ్బా మూతంత గాజు. అదిగో డ్రయర్ కింద కాలు, అది వాషింగ్ కుర్రాడిది కాదు, వాళ్ల బావది, ఈ మధ్య కొత్త చెప్పులు కొన్నాడు." మూట కింద నుంచి వేళ్లు చూసి మనిషిని చెప్పేవాడు. ముప్పై ఏళ్లు వాళ్ల మధ్య నిలబడ్డాడు. అంత చూపు నాకు లేదు. రూలు పుస్తకంలో కూడా లేదు.

ఆరో రోజున ఒక ఫొటో దగ్గర నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఈ పక్కన వంగి ఉన్నది నువ్వేగా?"

ఫొటోలో అల్లుడికి కొంచెం ముందు, ఎడమ పక్క, నేను ఊడిపోయిన ఛార్జర్ వైరుతో కుస్తీ పడుతున్నాను. వెనక డ్రయర్ల దగ్గర పసుపు కోటు. ఆ కోటు చుట్టూ నేను ఇదివరకు ఎంతో నాజూగ్గా గీసిన డబ్బా.

"ఆ పిల్ల ఎటు చూస్తోంది?"

"రోబో వైపు నాన్నా. దాన్ని చూడటానికేగా వచ్చేది."

"ఫొటో తీసింది రోబోనేగా? దాని వైపు చూస్తే మొహం మనకి సూటిగా కనబడాలి. ఈ పిల్ల పక్కకి చూస్తోంది. ఇంకోటి చూపించు."

చూపించాను. నేను స్తంభం దగ్గర నీళ్లు తాగుతున్నాను. ఆమె మొహం స్తంభం వైపు ఉంది. ఇంకోటి. నేను సూపర్‌వైజర్ అక్క చేత తిట్లు తింటున్నాను. ఆమె అటే చూస్తోంది, నవ్వు ఆపుకుంటూ. నేను ఫ్రేములో లేని ఫొటోల్లో ఆమె ట్యాబ్ చూసుకుంటోంది. ఉన్న ప్రతి ఫొటోలో నా వైపే.

ఒక్కో ఫొటోలో ఆమె చుట్టూ చేయి వణక్కుండా గీత గీశాను. గీత సరిగ్గా పడిందా లేదా అనే చూశాను తప్ప, గీత లోపల ఏముందో చూడలేదు.

నాన్న కుర్చీలో వెనక్కి వాలాడు. "నీ డిగ్రీ కాగితం ఎక్కడుందిరా?"

"ఎందుకు?"

"ఏం లేదు. ఓసారి ఇస్త్రీ చేద్దామని. దానికేం చేసినా పర్వాలేదనిపిస్తోంది." తర్వాత లేచి నా వీపు మీద చెయ్యి వేశాడు. "మంచి పిల్ల. నాకోసం నీ మీద కోప్పడిందన్నావుగా. వెళ్లు."

"ఉద్యోగం పర్మనెంట్ అయ్యాక…"

"ఒరే, మీ అమ్మకి నేను మాట చెప్పిన రోజు నా దగ్గర ఇస్త్రీ పెట్టె కూడా లేదు. అద్దె పెట్టె. లే ముందు."

వాన మళ్లీ మొదలైంది. పక్క వీధికి గొడుగు లేకుండా పరిగెత్తాను. స్టూడియోలో ఆమె ఒక్కతే ఉంది, తెర ముందు. నన్ను చూసి కుర్చీ సగం పక్కకి తిప్పుకుంది.

"కార్పెట్ మీద కారుతున్నారు," అంది.

"మీరు నా కీబోర్డు మీద కారారు."

"సరే. ఏంటి?"

పెన్ డ్రైవ్ బల్ల మీద పెట్టాను. "మీకు మూడు విషయాలు చెప్పాలి. మొదటిది, మీరన్నది నిజం. నేను గీశాను, చూడలేదు. మా నాన్న కూర్చోబెట్టి చూపిస్తున్నాడు, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. రెండోది, నాకింకా ఉద్యోగం ఖాయం కాలేదు. నాలుగు రోజుల్లో ఊడిపోవచ్చు కూడా. అయినా చెబుతున్నాను, మీరంటే నాకు ఇష్టం."

ఆమె కుర్చీ కొంచెం నా వైపు తిరిగింది.

"పర్మనెంట్ అయ్యాక చెబుదామనుకున్నాను," అన్నాను.

"అప్పుడైతే ఆఫర్ లెటర్‌తో పాటు వచ్చిన అటాచ్‌మెంట్ అనుకునేదాన్ని. మూడోది?"

"మీరు మూడు వారాలు నా వైపే చూశారు."

"ఎవరు? నేనా?" ఆమె లేచి నిలబడింది. "నేను రోబోని చూడటానికి వచ్చాను మేష్టారూ. అది నా డ్యూటీ. నేను చూసింది రోబోని."

"రోబోని చూస్తే కెమెరాలోకి చూస్తారు. ఫొటోలు తీసింది అదే."

ఆమె పెన్ డ్రైవ్ లాక్కుని గుచ్చింది. ఒక ఫొటో. రెండు. అయిదు. పదిహేను. చెవులు ఎర్రబడటం నేను దగ్గర నుంచి చూశాను, ఈసారి డబ్బా గీయకుండా.

"ఇందులో నా జడ ఇలా ఉందేంటి!" అంది చివరికి.

"అది కాదు ఇక్కడ ప్రశ్న."

"నాకు అదే ప్రశ్న. మొత్తం ఎన్ని ఉన్నాయి ఇలాంటివి?"

"నాన్నా నేనూ రెండు వందల పది దాకా…"

"మీ నాన్నగారు కూడా చూశారా!" రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. వేళ్ల సందుల్లోంచి అడిగింది, "ఏమన్నారు?"

"నా డిగ్రీని ఇస్త్రీ చేస్తానన్నారు."

అప్పుడు నవ్వింది. మొహం కప్పుకునే నవ్వింది, భుజాలు అదిరేలా. తర్వాత చేతులు తీసి, కుర్చీ ఒకటి నా వైపు నెట్టింది. "కూర్చోండి. మీకిది చూపించాలి. డైరెక్టర్ పొద్దున ఓకే చేశాడు."

తెర మీద ఎరుపు లేదు, అంకెలు లేవు. రోబో ఒక వీధిలోకి చూస్తోంది. వీధంతా మసక, మనుషులంతా రంగు ముద్దలు. కాసేపటికి ఒక ముద్దకి ముందు చెయ్యి వచ్చింది, తర్వాత చెవి, తర్వాత నవ్వు. ఆ తర్వాత పక్కనున్న ముద్ద కూడా మెల్లగా ఒక ముసలాయన అయ్యాడు. ఒకరి తర్వాత ఒకరు, వీధంతా మనుషులు.

"ఆ లాండ్రీ నుంచి కోపంగా వచ్చిన రోజు చేశాను," అంది. "డైరెక్టర్ ఏడ్చినంత పని చేశాడు. తర్వాత మూలన ఓ చిన్న చక్రం తిప్పుదామా అన్నాడు. చెయ్యి విరుస్తానన్నాను."

"నా సంగతి ఏం చెప్పారు?" అన్నాను.

"ముందు మీ అల్లుడికి పాఠం పూర్తి చెయ్యండి. చూశాక చెబుతా."

రెండో డెమో రోజు హాలు కిక్కిరిసింది. పని మానుకుని వచ్చారు అందరూ, తాము మనుషులమో కాదో తేల్చుకోవడానికి. అల్లుడు బయల్దేరాడు. సూపర్‌వైజర్ అక్క దగ్గర ఆగాడు. ఆవిడ వెనక్కి తిరిగి అందరికీ నమస్కారం పెట్టింది. ఓనరమ్మ దగ్గర ఆగాడు. పెద్దమ్మ మూట వెనక నుంచి ఒక్క చెయ్యి బయట పెట్టింది, ఆ చేతికీ ఆగాడు.

తర్వాత నాన్న వచ్చాడు. ఈసారి భుజం మీద మామూలు కంటే పెద్ద మూట, తల కూడా కనబడనంత. కావాలనే అంత పెట్టుకున్నాడు. మానిటర్ మీద రెండు డబ్బాలు పడ్డాయి. పైన 'మూట.' కింద 'మనిషి.'

అల్లుడు ఆగాడు.

నాన్న దారి ఇవ్వాలి. అప్పుడు అల్లుడు ముందుకు పోవాలి. నాన్న కదల్లేదు. మూట కింద నుంచి తల వంచి, ఆ కెమెరా వైపు చూస్తూ నిలబడ్డాడు.

"బాగుందయ్యా, నమ్మాను. బండ్లు తీసుకుంటాను," అంది ఓనరమ్మ. "ఇంక తప్పుకో మాస్టరూ, పని ఆగిపోయింది."

"కాసేపు ఉండండమ్మా," అన్నాడు నాన్న. "నన్ను చూస్తోంది."

ఎవరూ నవ్వలేదు. బాస్ వెనక నుంచి నా భుజం నొక్కి 'ఖాయం' అన్నాడు. నాకు సరిగా వినబడలేదు, తెర మసకగా కనిపిస్తోంది.

పక్కన ఎవరో నా మోచెయ్యి పట్టుకున్నారు. ఆమె. ఈరోజు కోటు లేదు.

"చూశాను," అంది నా చెవి దగ్గర, ఆ హోరులో వినబడేలా. "నాకూ మీరంటే ఇష్టమే. మీ నాన్నగారితో మాట్లాడాలంటే ఎప్పుడు రావాలి?"

నేను నాన్న వైపు చూశాను. ఆయన మూటతో అలాగే నిలబడి ఉన్నాడు. అల్లుడూ ఓపిగ్గా అలాగే ఉన్నాడు.

"ఆయన పక్కకి తప్పుకున్నాక," అన్నాను.